రెండు ఈలలు

మా డ్రిల్లు సారు పోయారన్న కబురు నాకు సూళ్లూరుపేటలో అందింది. రాకెట్టు ప్రయోగం వార్త రాయడానికి వెళ్లి, తోటి విలేకరులతో బస్సు కోసం నిలబడి ఉన్నాను. చిన్నప్పటి స్నేహితుడు మునిరత్నం ఫోన్ చేశాడు. "సార్ పోయినాడబ్బా. పొద్దున్నే కాఫీ తాగి కుర్చీలో కూసున్నాడంట. అంతే." ఎన్ని గంటలకని అడిగాను. ఇన్నేళ్లు ఇదే పని చేసినవాడి నోటికి ముందుగా వచ్చే ప్రశ్న అదే. ఆరూ పదికి అన్నాడు.

కార్వేటినగరం దగ్గరి మా హైస్కూల్లో ఆయన డ్రిల్లు చెప్పేవారు. మెడలో ఎప్పుడూ ఇత్తడి ఈల ఉండేది. రిటైరయ్యాక కూడా ప్రతి ధనుర్మాసంలో ఓ ఆదివారం పాత విద్యార్థులను వెంటబెట్టుకుని రంపం కొండ ఎక్కేవారు. ఆ పేరు మావాళ్లు పెట్టుకున్నది. రెండు శిఖరాల మధ్య ఒకే రాతి అంచు, రంపపు పళ్లలాగా. పొడవు రెండు వందల అడుగులకు కాస్త ఎక్కువ, నేను లెక్కపెట్టాను. వెడల్పు చాపంత, కొన్నిచోట్ల పీటంత. కుడివైపు దిగువన మామిడి తోటలు, ఎడమవైపు అడవి. పొద్దెక్కేదాకా రెండువైపులా మంచే.

అంచు మొదట్లో అందరూ చెప్పులు విప్పి నడుముకు కట్టుకోవాలి. మంచుకు తడిసిన బండ మీద రబ్బరు నిలవదు. "కాళ్లకు కండ్లుండాయిరా, వాటికి గంతలు కట్టొద్దు" అనేవారు. వేసవిలో ఆ బండ కాలిపోతుంది కాబట్టి చలికాలమే వెళ్లేవాళ్లం. ఆ తర్వాత ఎవరికి భయంగా ఉందని అడిగేవారు. ఉందన్నవాడిని ముందు నడిపించేవారు. వెనకుంటే భయం పెరుగుతుందని, ముందుంటే పనిలో పడి మరిచిపోతామని ఆయన లెక్క. మునిరత్నం ఏటా చెయ్యెత్తేవాడు, ఏటా సాఫీగా దాటేవాడు. సారు మాత్రం చివరే. ఒక ఈల వేస్తే ఆగాలి. ఆయన కూడా దాటి వచ్చి రెండు ఈలలు వేసేదాకా ఎవరూ చెప్పులు తొడగకూడదు.

నేను మొదటిసారి వెళ్లింది పత్రికలో చేరిన ఏడాది. మద్రాసులో కొన్న కొత్త బూట్లు వేసుకెళ్లాను. కొండలకని చేసినవేనని అంగడాయన చెప్పాడు సార్, విప్పను అన్నాను. "సరేలే. జారితే ఆ అంగడాయన వచ్చి పట్టుకుంటాడేమో సూద్దాం" అన్నారు. భయంగా ఉందా అని అడిగితే లేదన్నాను. అది అబద్ధం. పైగా అప్పటికే నన్ను అందరూ విలేకరి అని పిలుస్తున్నారు.

ముందు మునిరత్నం, తర్వాత మరో ఇద్దరు మిత్రులు, నాలుగోవాణ్ణి నేను, నా వెనక సారు. సగం దూరం పోయాక బూటు జారింది. మోకాలు బండకు కొట్టుకుంది. గుర్రమెక్కినట్టు అంచు మీద కూలబడ్డాను. నా ముందువాడి కాళ్లు తప్ప ముందున్నవాళ్లంతా మంచులో కలిసిపోయారు. నన్ను దాటి రావడానికి సారుకు చోటు లేదు. నేను కదిలితేనే ఆయన కదలగలరు. ఒక ఈల వినిపించింది.

ఆయన నా వెనకే కూర్చున్నారు. శానా లోతుంది సార్ అన్నాను.

"లోతు నీకు కనపడతా ఉండాదా?"

చూశాను. తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు. లేదన్నాను.

"కనపడంది సెప్పొద్దు. కనపడేది సెప్పు."

బండ ఉంది సార్. బండలో నెర్రె ఉంది. నెర్రెలో ఎండిన గడ్డి ఉంది. దానికి ముందు మావాడి బోసికాలు, మడమ పగిలుంది.

"ఎన్నడుగులు?"

"మూడు."

"మూడడుగులు పోలేవా?"

బూట్లు విప్పాను. నడుముకు కట్టుకోబోతే ఒకటి జారిపోయింది. అది కింద తగిలిన చప్పుడు కోసం అందరం చెవులు రిక్కించాం. మంచులోంచి మునిరత్నం గొంతు వచ్చింది: "పోయింది బూటే గదబ్బా. నువ్వుండావు గదా."

మూడడుగులు వేశాను. మళ్లీ మూడు. అరికాలికి చల్లటి బండ ప్రతి గరుకుతో సహా తెలుస్తోంది. అప్పుడు గాలి లేచింది. మంచు ఒక్కసారిగా చీలింది. కుడివైపు తోటలు, రోడ్డు మీద పాల వ్యాను, ఎడమవైపు అడవి, అన్నీ కిందే. మేం నలుగురం, మా వెనక ఆయన, ఎండలో నిలబడి ఉన్నాం. నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను. మిగిలిన వంద అడుగులూ పరుగెత్తాలనిపించింది. అవతలి ఒడ్డున రెండు ఈలలు వినగానే ఎగిరాను. ఎగిరానన్నది వర్ణన కాదు, రెండు కాళ్లూ నేల విడిచాయి.

ఆ తర్వాత నా వార్తలన్నీ ఆయన చదివేవారు. ఓసారి ఫోన్ చేశారు. "ఘోర ప్రమాదమని రాసినావే, ఎంతమందో రాయి సాలు. ఘోరమో కాదో సదివేవాడు సెప్తాడు." ఆ మాట ఏ ఎడిటరూ నాకు అంత తక్కువ మాటల్లో చెప్పలేదు.

కర్మ అయిన వారం, ధనుర్మాసమే, మేం నలుగురం రంపం కొండకు వెళ్లాం. చెప్పులు విప్పి నడుముకు కట్టుకున్నాం. ఎవరికి భయంగా ఉందని మునిరత్నం అడిగాడు. నలుగురమూ చెయ్యెత్తాం. "నా సోటుకు ఇంత పోటీనా" అన్నాడు. ఈసారి నన్ను ముందు పోనీ అన్నాను. ఇచ్చాడు. తను చివరికి వెళ్లాడు.

ముందు ఎవరి మడమా లేదు. బండ, నెర్రె, గడ్డి, మూడేసి అడుగులు. కాళ్లు ఎక్కడా ఆగలేదు. అవతల దిగి వెనక్కి చూస్తే మంచులోంచి ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు వచ్చారు. ఒకరి వీపు ఒకరం చరుచుకున్నాం. అందరమూ గట్టిగా మాట్లాడుతున్నాం.

తర్వాత బండ మీద వరసగా కూర్చున్నాం. ఆ రెండు ఈలలు ఎవరు వెయ్యాలో ముందు ఎవరమూ అనుకోలేదు. ఎండ మెల్లగా దిగి మా కాళ్ల మీదికి వచ్చింది. ఎనిమిది బోసికాళ్లు, తడి ఆరుతూ. చెప్పులు నడుములకే ఉన్నాయి.