బొగ్గు నిండుకున్న వారం

మా పెద్దమ్మ నోట "లేదు" అన్న మాట వినాలంటే రాసిపెట్టి ఉండాలి. చక్కెర డబ్బా అడుగు గీరుతున్నా "నిండుకుంది" అనేది. ఉప్పు నిండుకుంది, కిరసనాయిలు నిండుకుంది, నెలాఖరులో ఒకసారి మా బాబాయి జేబు కూడా నిండుకుంది. ఇంట్లో లేదు లేదు అంటుంటే నిజంగానే లేకుండా పోతుందని మా అమ్మమ్మ కూతుళ్ళిద్దరికీ నూరిపోసింది. మా అమ్మ దాన్ని ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసింది. పెద్దమ్మకి మాత్రం అది నరనరానా జీర్ణించుకుపోయింది. ఆ ఒక్క మాట దగ్గరే ఆవిడకీ ప్రభుత్వానికీ పేచీ వచ్చింది.

నేనింకా పుట్టని రోజులవి. యుద్ధం మొదలైన రెండో ఏడు మా ఊరి కంబళ్ళ మిల్లుని ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. అంతకు ముందు అది ఒక షావుకారుది. పూల కంబళ్ళు, గళ్ళ కంబళ్ళు, పసిపిల్లలకి కప్పే అరచేతి మందం దుప్పట్లు నేసేవాళ్ళు. ఒక సోమవారం గేటు మీద బోర్డు మారింది. మంగళవారం నుంచి మిల్లు మొత్తానికి ఒకటే రంగు, బూడిద రంగు. సైన్యానికి ఇంకో రంగు అక్కర్లేదట. అద్దకం పని చేసే ముసలాయన, "నలభై ఏళ్ళు నేర్చిందంతా బూడిదపాలు" అని నవ్వబోయి కళ్ళు తుడుచుకున్నాడని మా అమ్మ చెప్పేది.

మగవాళ్ళు ఒక్కొక్కరే యుద్ధానికి పోయారు. స్టోరుకీపరు కూడా పోయాడు. నడుస్తుంటే నడుము దగ్గర తాళాల గుత్తి గలగలమనేది గనక ఆయన్ని అందరూ తాళాలాయన అనేవాళ్ళు. తన చోట కూర్చోవడానికి, మూటలు కట్టే చోట పనిచేస్తున్న పెద్దమ్మని ఆయనే ఏరుకున్నాడు. దస్తూరి గుండ్రంగా ఉంటుందన్నది ఒక కారణం, ఎవరికీ దడవదన్నది రెండోది. మూడు రోజులు పక్కన కూర్చోబెట్టుకుని ఏ అరలో ఏముందో, ఏ కాగితం ఎవరికి పోవాలో చెప్పాడు. వెళ్ళే రోజు గుత్తి చేతిలో పెట్టాడు.

"నేను తిరిగొచ్చేదాకానేనమ్మా ఇది. రాగానే నా తాళాలు నాకిచ్చెయ్యాలి మరి."

"మీరు క్షేమంగా రండి అన్నయ్యా. తాళాలెక్కడికి పోతాయి?"

అలా ఆయన పెద్దమ్మకి అన్నయ్య అయ్యాడు.

ఆ ఉద్యోగం ఆవిడకి ఎంత అవసరమో చెప్పాలి. పెదనాన్న అదే మిల్లులో ఉన్ని దువ్వే యంత్రాల దగ్గర పదిహేనేళ్ళు పనిచేసి ఊపిరితిత్తుల నిండా నూగు నింపుకున్నాడు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని దగ్గడం తప్ప ఆయన చేయగలిగిన పని మరొకటి లేదు. వాళ్ళ కూతుళ్ళు, మా అక్కలిద్దరూ బడికి పోతున్నారు. స్టోర్సు జీతం ఆగితే ఆ ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది. ఇందులో కథ అల్లడానికేమీ లేదు, అంతే.

ప్రతి శనివారం స్టోర్సు నుంచి మిల్లులకి సరుకు పంచే కంట్రోలరు ఆఫీసుకి ఒక కాగితం పోవాలి. ఉన్ని, రంగు, నూనె, బొగ్గు ఎంతెంత ఉన్నాయో అందులో రాయాలి. ఒక వారం రావలసిన బొగ్గు వ్యాగన్ రాలేదు. కుప్ప ఊడ్చి చూస్తే మూడు రోజులకి సరిపడా ఉందో లేదో. ఆ కంగారులో పెద్దమ్మ అంకె వెయ్యకుండా బొగ్గుకి ఎదురుగా "నిండుకున్నది" అని రాసి, చూడకుండా వదిలేస్తారేమోనని కింద రెండు గీతలు కూడా గీసింది.

ఆ కాగితం అక్కడ కొత్తగా చేరిన కుర్ర ఆఫీసరు చేతిలో పడింది. అయిదో ఏట నుంచి హాస్టళ్ళలో పెరిగిన మనిషి. వంటగది గడప ఏ రోజూ తొక్కలేదు. నిండుకున్నది అంటే నిండుగా ఉన్నది అనుకున్నాడు. గీతలు చూసి, ఎంత జాగ్రత్తగల మనిషో అని కూడా అనుకున్నాడట. దారిలో ఉన్న మా వ్యాగన్‌ని ఆయుధాల ఫ్యాక్టరీకి మళ్ళించాడు.

బుధవారం బాయిలరు చల్లారిపోయింది. ఆవిరి లేక తెల్లవారుజాము మిల్లు కూత పడలేదు. ఆ కూతకి లేవడం తప్ప మరో గడియారం ఎరగని ఊరు పొద్దెక్కేదాకా నిద్రపోయింది. మా అమ్మ తన జీవితంలో పడుకున్న అసలైన నిద్ర అదేనని చివరిదాకా చెప్పుకుంది. పాలవాడు వచ్చి తలుపులు బాదేదాకా వీధిలో ఒక్కరూ లేవలేదట.

నిద్ర బాగానే ఉంది. తొమ్మిది రోజులు కంబళ్ళు మాత్రం లేవు, అదీ చలికాలంలో. యుద్ధ సమయంలో సైన్యానికి పోయే సరుకు ఆపితే జైలే అని ఊరంతా ముక్కున వేలేసుకుంది. పెద్దమ్మ శత్రువుల దగ్గర డబ్బు తిన్నదని కూడా ఒకావిడ అంది. ఆ మాట అన్నావిడతో పెద్దమ్మ చచ్చేదాకా మాట్లాడలేదు.

విచారణకి ముగ్గురు వచ్చారు. పదవీ విరమణ చేశాక యుద్ధం కోసం మళ్ళీ పిలిపించిన పెద్దాయన ఒకరు, ఆ కుర్ర ఆఫీసరు, మాట మాటా రాసుకోవడానికి ఒక గుమాస్తా. మేనేజరు గదిలో పొడవాటి బల్లకి అటువైపు వాళ్ళు, ఇటువైపు పెద్దమ్మ.

"అయిపోతే అయిపోయిందని రాయాలి గదా. నిండుకుందని ఎందుకు రాశారు?" అన్నాడు కుర్ర ఆఫీసరు.

"అయిపోయింది గనకే రాశానండి."

"నిండుకుంది అంటే నిండుగా ఉందని కదా?"

"నిండుగా ఉంటే నిండుగా ఉందనే రాస్తాను గదండీ. నిండుకుందని ఎందుకు రాస్తాను?"

గుమాస్తా కలం ఆగిపోయింది. "దీన్నెలా రాయమంటారు సార్?" అన్నాడు. బడి నుంచి నిఘంటువు తెప్పించారు. తీరా చూస్తే అందులో రెండర్థాలూ ఉన్నాయి, ఒకదాని కింద ఒకటి. కుర్ర ఆఫీసరు పైదాని మీద వేలు పెట్టాడు, పెద్దమ్మ కిందిదాని మీద పెట్టింది.

అప్పుడు పెద్దమ్మ ఆ పెద్దాయన వైపు తిరిగి, "అయ్యా, మీ ఇంట్లో బియ్యం అయిపోతే అమ్మగారు ఏమంటారండీ?" అంది.

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "నిండుకున్నాయి అనేది" అన్నాడు. అంటుంది అనలేదు, అనేది అన్నాడు. తర్వాత ఆయనే కుర్రవాణ్ణి, "మీ ఇంట్లో?" అని అడిగాడు. "నేను మెస్సులో తింటాను సార్" అన్నాడతను నీళ్ళు నములుతూ. పెద్దమ్మకి నవ్వు ఆగలేదు. బొగ్గు వల్ల పోని ఉద్యోగం ఆ నవ్వు వల్ల పోయేదని ఆవిడే చెప్పేది.

తప్పు ఎవరిదీ కాదని తేల్చారు. కానీ విచారణ జరిగాక ఏదో ఒక ఆర్డరు పుట్టకపోతే ప్రభుత్వానికి నిద్ర పట్టదు. ఇకపై ఏ కాగితంలోనూ "నిండుకున్నది" అని రాయరాదు, వస్తువు లేకపోతే "లేదు" అనే రాయాలి అని ఆర్డరు వచ్చింది. దాన్ని స్టోర్సు గోడకి అంటించి కింద పెద్దమ్మ చేత సంతకం పెట్టించారు. మళ్ళీ ఆ మాట రాస్తే ఉద్యోగం ఊడుతుంది.

మొదటి శనివారం రెండంగుళాల మేకులకి ఎదురుగా "లేదు" అని రాయడానికి ఆవిడకి గంట పట్టింది. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. పెదనాన్న దగ్గు మధ్యలో, "వాళ్ళు రాయించిన లేదు అది. నీది కాదులే, తిను" అన్నాడు. మెల్లగా అలవాటైంది. గేటు లోపల లేదు, గేటు బయట నిండుకుంది.

నాకు ఊహ తెలిసేనాటికి ఆ ఆర్డరు గోడ మీద పసుపు రంగుకి తిరిగింది. తడి ఉన్ని వాసన, యంత్రాల నూనె వాసన, సబ్బు కడ్డీల వాసన కలిసి ఆ గదికి ఒక వాసన ఉండేది. బెల్టులు పొడవుని బట్టి వేలాడుతుండేవి. కిటికీలోంచి ఎవరైనా చెయ్యి చాపితే, ఏం కావాలో చెప్పకముందే పెద్దమ్మ ఆ చేతిలో పెట్టేది. అంత తీరైన గదిని నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. ఇప్పటికీ వానలో తడిసిన ఉన్ని స్వెట్టరు వాసన తగిలితే నాకు ఆ కిటికీ దగ్గరికి పోవాలనిపిస్తుంది.

అంతకు ముందే యుద్ధం ముగిసింది. మిల్లుని ప్రభుత్వం షావుకారుకి తిరిగివ్వలేదు గానీ రంగులు తిరిగొచ్చాయి. మొదటి ఎర్ర ఉన్ని కండె మగ్గానికెక్కిన రోజు పని మానేసి అందరూ చుట్టూ మూగారట. మగవాళ్ళు కూడా ఒక్కొక్కరే తిరిగొచ్చారు.

తాళాలాయన ఒక మధ్యాహ్నం స్టోర్సుకి వచ్చాడు. జుట్టు మొత్తం తెల్లబడింది. కిటికీ బయటి స్టూలు మీద కూర్చుని అరలన్నీ పరకాయించి చూశాడు.

"బాగా సర్దావమ్మా."

"టీ తాగుతారా అన్నయ్యా?"

"వద్దులే."

తాళాలు ఆయన అడగలేదు. ఈవిడా తియ్యలేదు. కాసేపు కూర్చుని వెళ్ళిపోయాడు.

మర్నాడే పై నుంచి కాగితం వచ్చింది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన వాళ్ళకి ఖాళీ ఉన్నచోట పని ఇస్తారు, మీ విభాగంలో ఖాళీ ఉందా అని ఒక ప్రశ్న, పక్కన చుక్కల గీత. పెద్దమ్మది ఇంకా తాత్కాలిక ఉద్యోగమే, లెక్కకి అది ఖాళీ కిందే. ఉంది అని రాస్తే ఆ కుర్చీ ఆయనది, ఈవిడ ఇంటికి. ఒకే కుర్చీని ఇద్దరికి చూపించింది ప్రభుత్వం. ఎవరు కూర్చోవాలో తేల్చే పాపం మాత్రం తను మూటగట్టుకోకుండా ఆవిడ చేత రాయించింది. నాకు ఆ ప్రభుత్వం మీద కోపం ఇప్పటికీ పోలేదు.

"లేదు" అని రాసింది పెద్దమ్మ. ఈసారి గంట పట్టలేదు.

"ఆ మాట రాయడం నేర్పింది వాళ్ళే గదా" అనేది, ఈ కథ చెప్పినప్పుడల్లా. అందరూ పడీ పడీ నవ్వేవాళ్ళు. ఆవిడ చెప్పే కథ అక్కడితో అయిపోయేది.

అసలు కథ అక్కడితో అయిపోలేదు. తాళాలాయన ఏడాదిన్నర పని లేకుండా తిరిగాడు. చివరికి ఆ మిల్లుకే గేటు కాపలాదారుగా వేశారు. ఆలస్యంగా వచ్చిన వాళ్ళ పేర్లు పుస్తకంలో రాయడం ఆయన పని. పెదనాన్నకి రాత్రంతా ఆయాసం వచ్చిన రోజుల్లో పెద్దమ్మ ఆలస్యమయ్యేది. తాళాలాయన "రామ్మా" అని గేటు చిన్న తలుపు తీసి, అటు తిరిగి నిలబడేవాడు. ఆయన పోయేదాకా, అంటే పంతొమ్మిదేళ్ళు, పెద్దమ్మ పేరు ఆ పుస్తకంలోకి ఎక్కలేదు.

ఇది నాకు ఆవిడే చెప్పింది, మిల్లు మూసేసిన ఏడాది, బటానీలు ఒలుస్తూ.

"ఒక్కసారైనా రాసుంటే నాకు ఎంత తేలికపడేదో" అంది.

"నీ పరిస్థితి అలాంటిది పెద్దమ్మా. నువ్వు మాత్రం ఏం చేస్తావు?" అన్నాను.

ఆవిడకి కోపం వచ్చింది. "పరిస్థితేంటే. అందరికీ ఉంటాయి పరిస్థితులు. నన్ను నమ్మి చేతిలో పెట్టి వెళ్ళాడు. నేను చేసింది తప్పు. నువ్వు దానికి ముసుగు వెయ్యకు."

నాకెందుకో ఉండబట్టక అడిగాను. "మరి ఇప్పుడు ఆ కాగితం మళ్ళీ వస్తే?"

పెద్దమ్మ నా వైపు చూడలేదు. చేతిలో ఉన్న కాయ ఒలవడం పూర్తి చేసింది.

"లేదనే రాస్తాను" అంది.