అవ్వ చదివేదాకా ఆగిన బస్సు

2005 ఎండాకాలం, శనివారం ఉదయం ఎనిమిది గంటలు. అరవయ్యేళ్లకు నాకు అక్షరాలు నేర్పిన నా బిడ్డ లక్ష్మి నాగర్‌కర్నూల్ దవాఖానలో ప్రసవించింది. ‘అమ్మా, ఈసారి బస్సు బోర్డు నువ్వే చదివి రా’ అని కబురు పంపింది. సరేనన్నాను.

కల్వకుర్తి బస్టాండులో ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చివరికి వచ్చేసరికి, మొదటివి తలలోంచి జారిపోయేవి. రెండు బస్సులు అలాగే వెళ్లిపోయాయి.

మూడో బస్సు కండక్టరు సాయన్న, “ఏడికవ్వా?” అన్నాడు.

“చెప్పకు! సదువుతున్న.”

“డ్రైవరన్నా, జర ఆగు. అవ్వ సదువుతుంది.”

కిటికీలోంచి ఈరమ్మ అనే ఆమె, “ఒక్కో మెతుకు చేతుల నిలుస్తదా పెద్దమ్మా? రెండు మూడు అక్షరాలు కలిపి ముద్ద జేసుకో” అంది.

“నాగర్... కర్నూల్!” అని అరిచాను. బస్సంతా నవ్వింది. నేను ఏడ్చాను.

తల గంప కాదు, గుప్పెడే. విడి మెతుకులు రాలిపోతాయి, ముద్ద నిలుస్తుంది.

ఆ రోజు ఉన్నవాళ్లు: సాయన్న, డ్రైవరు మైబు, ఈరమ్మ, దవాఖానలో నా లక్ష్మి, ఇంకా పేరు పెట్టని నా మనవరాలు.