తక్కువ తగిలే తుపాకీ

ఆ రోజుల్లో నాకు ప్రపంచమంటే రేపల్లెలో మా వంటగది కిటికీలోంచి కనిపించినంత మేరే. చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉండడం వల్ల బడికి పంపకుండా అమ్మే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పింది. చపాతీల పీట పక్కన లెక్కలు, కందిపప్పు ఏరుతూ ఇంగ్లీషు, దీపాలు పెట్టే వేళకి బైబిలు చదివిస్తూ తెలుగు. (పరీక్షలన్నీ ప్రైవేటుగా రాసి పాసయ్యాను కాబట్టి ఆ చదువును ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే అమ్మ ఇప్పటికీ ఊరుకోదు.) ఆయాసం వచ్చినప్పుడు నేను కదలకుండా కూర్చుని, ఎదురు గోడ మీద ఏదో ఒక మచ్చను చూస్తూ, మెల్లగా గాలి పీల్చి మెల్లగా వదిలేదాన్ని. చూడగా చూడగా ఆ మచ్చ ఒక దీవి అయ్యేది, దాని చుట్టూ సముద్రం వచ్చేది, నేను పడవెక్కి వెళ్ళిపోయేదాన్ని. అమ్మ వచ్చి "ఏమే, ఎక్కడున్నావ్?" అంటే తిరిగి రావడానికి కాస్త సేపు పట్టేది. దేవుడు ఏదీ వృథాగా ఇవ్వడని నా నమ్మకం. ఆ మచ్చల్ని కూడా ఊరికే ఇవ్వలేదు.

పందొమ్మిదేళ్ళప్పుడు తెనాలిలో చుట్టాల పెళ్ళికి వెళ్ళాం. పెళ్ళింటి వెనక పాత బియ్యం గోడౌనులో ఒక సార్ పిల్లలకి గాలి తుపాకీతో గురి చూసి కొట్టడం నేర్పుతున్నారు. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తుంటే ఆయన సరదాకి నా చేతికీ ఒక తుపాకీ ఇచ్చి "కొట్టమ్మా" అన్నారు. ఎదురుగా కాగితం మీద నల్లచుక్క. నాకది గోడ మీది మచ్చలాగే కనిపించింది. గాలి పీల్చాను, సగం వదిలాను, పడవెక్కాను. ఠప్పుమంది. చుక్క నడిమధ్యలో చిల్లు.

"ఊపిరి బిగబట్టడం ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అన్నారు సార్.

"ఉబ్బసమండీ" అన్నాను.

ఆయన చాలాసేపు నవ్వి, సొంత తుపాకీ తెచ్చుకుంటే నేర్పుతానన్నారు. కొద్ది నెలల్లో బాపట్లలో సెలక్షన్లున్నాయనీ, అందులో నెగ్గిన పిల్లల్ని హాస్టల్లో పెట్టి పెద్ద పోటీలకి తయారు చేస్తారనీ చెప్పారు. హాస్టలు! కిటికీ అవతలి లోకంలో నాకూ ఒక మంచం! ఆ తరవాత పెళ్ళిలో ఏం తిన్నానో, ఎవరితో ఏం మాట్లాడానో నాకు గుర్తు లేదు.

ఇంటికొచ్చి అడిగితే నాన్న "మీ మామ్మనడుగు" అన్నారు. మా ఇంట్లో 'కుదరదు' అనడానికి అది మర్యాదైన పద్ధతి. మామ్మ నాన్నకి తల్లి, చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి, చీమను కూడా ఉఫ్ అని ఊది పక్కకు పంపే మనిషి. ఆమె "తుపాకీయా!" అని గుండె మీద చెయ్యేసుకుంది. నన్ను గట్టెక్కించింది బాబాయి. బాబాయి పెనుమూడిలో వ్యవసాయం చేస్తాడు. అప్పుడప్పుడే చేతికొచ్చిన కొత్త ఫోనులో మంచు అడవుల్లో దొరలు వేటాడే వీడియోలు చూసి చూసి, పంట తినేస్తున్న పందికొక్కుల మీద తనూ అలాంటి దండయాత్ర ఒకటి చేయాలని కలలు కంటున్నాడు. (మా వంశంలో కలలు నాతో మొదలు కాలేదు.)

"తుపాకీ నేను కొంటానే బుజ్జీ. కానీ ఒకటే కొంటా. నీ గురికీ అదే, నా వేటకీ అదే. సరేనా?"

సరే అనక ఏమంటాను?

ముగ్గురం తెనాలి వెళ్ళాం. మామ్మ కళ్ళజోడు మార్పించుకునే నెపంతో వచ్చింది. అసలు పని కాపలా. ఆటసామాన్ల కొట్టులో క్యారమ్ బోర్డుల వెనక నుంచి షాపాయన రెండు తుపాకులు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి నల్లటి ప్లాస్టిక్‌ది, కొత్త మోడలు. గుండ్లన్నీ ఒకేసారి నింపుకుంటే వరసపెట్టి కొట్టొచ్చట. రెండోది పాత పద్ధతిది, చెక్క పిడి. గొట్టాన్ని మధ్యకి విరిచి, పప్పుగింజంత సీసపు గుండు ఒకటి పెట్టి, మూసి, కొట్టాలి. మళ్ళీ కొట్టాలంటే మళ్ళీ విరవాలి.

"గురికైతే ఈ చెక్కదేనమ్మా. బరువుంటుంది, చెయ్యి వణకదు. వేటకైతే ఆ నల్లది తేలిక. కానీ పిట్టల జోలికెళ్తే మాత్రం కేసవుద్దండోయ్" అన్నాడు షాపాయన.

"పిట్టలెవరిక్కావాలండీ, నాకు పందికొక్కులు చాలు" అంటూ బాబాయి నల్లది అందుకుని, షటిల్ బ్యాట్ల మధ్య వంగి వంగి నడుస్తూ, ఫుట్‌బాళ్ళ బుట్ట వెనక నక్కి, కనిపించని పందికొక్కుల్ని నాలుగైదింటిని పడగొట్టాడు. నేను చెక్క తుపాకీని చెంపకి ఆనించుకుని నిలబడిపోయాను. చర్చిలో పాత బల్లల వాసన వచ్చింది. కళ్ళు మూసుకుంటే బాపట్ల, హాస్టలు, ఎక్కడో దూరంగా చప్పట్లు.

"ఏంటే, నిద్రపోతున్నావా? అది ఒకటి కొట్టి మళ్ళీ విరిచిందాకా పందికొక్కు ఆగుద్దా?" అన్నాడు బాబాయి.

"వరసపెట్టి కొడితే నాకు గురెక్కడ కుదురుద్ది బాబాయ్?"

బాబాయి నల్లది వదలడు, నేను చెక్కది వదలను. అంతదాకా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్న మామ్మ కొత్త కళ్ళజోడు సర్దుకుని షాపాయన్ని పిలిచింది.

"నాయనా, ఈ రెండింట్లో తక్కువ తగిలేది ఏదయ్యా?"

షాపాయన రెండు తుపాకుల్నీ మార్చి మార్చి చూశాడు. "ఇన్నేళ్ళ వ్యాపారంలో నన్నెవరూ ఇట్టా అడగలేదు మామ్మగారూ. మీ లెక్కలో అయితే ఈ చెక్కదేనండి. ఒకసారికి ఒకటే."

"అయితే అదే ఇవ్వు. ఒకటి కొట్టాక మనిషికి ఆలోచించుకోడానికి కాస్త టైముంటుంది."

అలా నా తుపాకీని ఎంచింది మామ్మ. దుప్పట్లో చుట్టి రేపల్లె పాసింజరెక్కాం. కిక్కిరిసిన పెట్టెలో ఎవరో "ఏంటి బాబూ ఆ పొడుగాటిది?" అనడిగారు. బాబాయి "చేపల గాలమండీ" అన్నాడో లేదో, అబద్ధం సహించని మామ్మ "తుపాకీ నాయనా" అనేసింది. మరుక్షణం మా ముగ్గురికీ కిటికీ పక్కన చోటు దొరికింది.

మా ఇళ్ళలో కొత్త వస్తువేదైనా ప్రార్థన చేయించనిదే వాడరు. కుట్టు మిషనైనా, నీళ్ళ మోటారైనా, మిక్సీ అయినా అంతే. కాబట్టి ఆదివారం సాయంత్రం టీపాయ్ మీద తెల్లగుడ్డ పరిచి, తుపాకీ పెట్టి, అయ్యగారిని పిలిచాం. ఆయన మంచి పాస్టరు, మోటారు సైకిళ్ళకి ఎన్నిటికి ప్రార్థన చేశారో. కానీ ఆ రోజు బల్లకేసి చూసి బైబిలు పేజీలు అటూ ఇటూ తిప్పారు. 'దీని ప్రయాణాల్లో తోడుండు' అనడానికి లేదు, 'దీన్ని ఆశీర్వదించి వృద్ధి చెయ్యి' అనడానికి అసలే లేదు. చివరికి "పెద్దవారు మీరు చెయ్యండమ్మా" అని మామ్మకి అప్పగించారు.

మామ్మ కళ్ళు మూసుకుంది. "దయగల తండ్రీ, ఈ తుపాకీ ఇచ్చినందుకు వందనాలు. దీంట్లోంచి బయలుదేరే ఏ గుండూ నువ్వు చేసిన ఏ ప్రాణికీ తగలనియ్యకయ్యా..."

"పందికొక్కులు తప్ప అమ్మా" అన్నాడు బాబాయి కళ్ళు మూసుకునే.

"ఆమెన్ అయ్యేదాకా ఆగరా!" అంది మామ్మ, ఆమె కూడా కళ్ళు తెరవకుండానే.

ఆ ప్రార్థన ఫలించిన తీరు పెనుమూడి అంతా చెప్పుకుంది. బాబాయి రోజూ పొద్దువాలే వేళ గట్టు మీద బోర్లా పడుకుని కొట్టేవాడు. ఒక్క గుండూ తగల్లేదు. పోను పోను పందికొక్కులు ఆయనకి అలవాటు పడి, తుపాకీ మోగినా తల తిప్పడం మానేశాయి. ఒకనాడు మా ఇంటికొచ్చి "అమ్మా, ఆ ప్రార్థన వెనక్కి తీసుకోవే, నీకు దణ్ణం పెడతా!" అని బతిమాలాడు. "చేసినదాన్ని ఎట్టా తీసుకుంటార్రా?" అంది మామ్మ. దాంతో తుపాకీ పూర్తిగా నాదైంది. తెనాలి గోడౌనులో నా చుక్కకి మాత్రం చిల్లులు పడుతూనే ఉన్నాయి. కాగితానికి ప్రాణం లేదు కదా.

బాపట్లలో సెలక్షన్లు ఒక పొడుగాటి రేకుల షెడ్డులో జరిగాయి. ఒకవైపు గోడ లేదు. దూరంగా సముద్రం ఉందని గాలే చెబుతోంది. వెనక బెంచీ మీద మామ్మ, బాబాయి. నేను నా లోకంలో ఉన్నాను. విరవడం, గుండు పెట్టడం, మూయడం, ఊపిరి, పడవ. కొట్టినవన్నీ చుక్క మీదే పడుతున్నాయి. అటూ ఇటూ ఉన్న పిల్లలు నా కాగితం వైపు చూడడం మొదలుపెట్టారు. ఇంక కొన్ని గుండ్లే మిగిలాయి. హాస్టల్లో నా మంచం మీద దుప్పటి రంగు కూడా నాకు కనిపిస్తోంది.

అప్పుడు ఒక గోరింక వచ్చి నా కాగితం బిగించిన చట్రం మీద వాలింది.

తుపాకీ దించాను. అది ఎగిరింది. ఎత్తాను. మళ్ళీ వాలింది. పసుపుపచ్చ కాళ్ళతో అటూ ఇటూ నడిచి, మెడ వంచి, నా చుక్కని పైనుంచి పరిశీలించింది. వెనక నుంచి బాబాయి అరుపు: "కొట్టవే బుజ్జీ! చప్పుడికి అదే పోద్దిలే!" ఎవరో ఆయన్ని కసురుకోవడం వినబడింది. చుక్కకీ పక్షికీ మధ్య జానెడుకు పైనే ఎడముంది. తగలదని నాకూ తెలుసు. కానీ నా వేలు వంగలేదు. గోరింక వెళ్ళలేదు. టైమైపోయిందని ఈల మోగింది. మిగిలిన గుండ్లు నా జేబులోనే ఉండిపోయాయి.

పేర్లు చదివారు. నా పేరు లేదు. అక్కడి పెద్దాయన "కొట్టినవన్నీ బాగున్నాయమ్మా, కొట్టనివే నిన్ను దెబ్బతీశాయి" అన్నారు.

తిరుగు రైల్లో ఏడుస్తూనే, ఒక మెచ్చుకోలు మాట కోసం మామ్మ వైపు చూశాను. ఆమె ప్రార్థనను నిలబెట్టింది నేనే కదా, ప్రాణిని కాపాడి వచ్చాను కదా. మామ్మ కొంగుతో నా మొహం తుడిచింది.

"పిచ్చిమొహమా! దానికి తగలకుండా చూడమని నేను ప్రభువుకి అప్పజెప్పి ఉన్నానా లేదా? ఇంక నీకెందుకే ఆ బెంగ? నువ్వు హాయిగా కొట్టాల్సింది!"

బాబాయి నవ్విన నవ్వుకి ఎదురు సీటువాళ్ళు కూడా నవ్వారు. నాకూ ఏడుపులోంచి నవ్వొచ్చి, నవ్వులోంచి ఆయాసమొచ్చి, పొన్నూరు దాటేదాకా మామ్మ నా వీపు రాస్తూనే ఉంది. ఆ చేతికి నేను ఎన్ని స్తోత్రాలు చెప్పుకున్నా తక్కువే.

మళ్ళీ సెలక్షన్లకి వెళ్ళలేదు. పెళ్ళి, పిల్లలు, ఇల్లు. అడగకుండానే దేవుడు చాలా ఇచ్చాడు. ఇప్పుడు ఆ దారిన వెళ్ళినప్పుడల్లా బాపట్ల స్టేషన్లో రైలాగగానే కిటికీలోంచి చూస్తాను. ప్లాట్‌ఫారం మీద గోరింకలు ఇడ్లీ ముక్కల కోసం కొట్లాడుకుంటూ ఉంటాయి. నన్ను కన్నెత్తి కూడా చూడవు. "వీటి కోసమా అమ్మాయీ?" అని ఆ పందొమ్మిదేళ్ళ పిల్లని అడుగుతాను. రైలు కదులుతుంది. ఆ పిల్ల మాత్రం ఊపిరి సగం వదిలి, తుపాకీ సగం దించి, గోరింక ఎగిరిపోతుందేమోనని ఇంకా చూస్తూనే ఉంటుంది.