ఆశీర్వాదం మామయ్యకు నా వ్యాజస్తుతి

పెళ్లికి ముందే కాబోయే మామగారిని చుట్టాలందరి ముందు దొంగను చేసిన కోడలు వరంగల్‌లో ఇంకెవరైనా ఉంటే దయచేసి నన్ను కలవండి. ఇద్దరం కూర్చుని ఏడుద్దాం.

అప్పుడే నా తెలుగు ఎం.ఏ. పూర్తయింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త పండితురాలు చోటెరగదు. ఎవరు నోరు తెరిచినా అందులో ఒక అలంకారాన్ని పట్టుకునేదాన్ని. మెట్ల మీద జనం వేలాడుతున్న బస్సులో కండక్టర్ "లోపల మస్తు ఖాళీ ఉంది, జరుగుండ్రి" అంటే "అతిశయోక్తి!" అన్నాను. "ముందుగాల టికెట్ తీస్కో" అన్నాడు. పొద్దున్నే అమ్మ "దున్నపోతు లెక్క పండుకున్నవ్, లే" అంటే "ఉపమాలంకారం. 'లెక్క' అన్నది ఉపమావాచకం" అని దుప్పట్లోంచే జవాబిచ్చేదాన్ని. ఆ వెంటనే పడే చీపురు దెబ్బలో మాత్రం ఏ అలంకారమూ ఉండేది కాదు.

అన్నిట్లోకీ నాకు ముద్దొచ్చింది వ్యాజస్తుతి. పైకి తిట్టు, లోపల పొగడ్త. ముందు తిట్టి జనాన్ని బిత్తరపోయేలా చేసి, చివర్లో ముడి విప్పితే చప్పట్లే చప్పట్లని క్లాసులో చెప్పారు. జనం ఆ చివరిదాకా ఆగాలన్న సంగతి చెప్పలేదు.

నాకు కాశిబుగ్గ సంబంధం ఖాయమైంది. మామగారి పేరు ఆశీర్వాదం. ఎనుమాముల మార్కెట్‌లో రైతుల మిర్చి అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో గుమస్తాగా చేసి రిటైరయ్యారు. ఆ సందర్భంగా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నారు. ఆ మరుసటి వారమే మా ప్రధానం, అంటే మా క్రైస్తవుల నిశ్చితార్థం. అబ్బాయి ప్రదీప్ నాకు తెగ నచ్చాడు. అత్తమ్మకే నా మీద అనుమానం. "గింత సదివిన పిల్ల మన ఇంట్ల ఇముడుతదా?" అన్నదట. అందుకే అమ్మ దారి పొడుగునా నన్ను వాయిస్తూనే ఉంది.

"మాట్లాడుమంటే దేవునికి స్తోత్రం అని కూసో. సమజైందా?"

"ఫికర్ చెయ్యకమ్మా. అందరు యాదుంచుకునేటట్టు మాట్లాడుత."

"గదే నా ఫికర్."

పాటలయ్యాక పాస్టరయ్య "కాబోయే కోడలు రెండు మాటలు చెప్తది" అన్నారు. లేచి గొంతు సవరించుకున్నాను.

"మా మామయ్య దొంగ!"

చుట్టాలందరి తలలూ ఒక్కసారిగా నా వైపు తిరిగాయి. ఆహా, పాఠం భలే పనిచేస్తోందనుకున్నాను.

"మామూలు దొంగ గాదు. ఎవలింటికి పోయినా ఏదో ఒకటి ఎత్తుకరాంది ఊకోరు. ఈడ కూసున్నోళ్లల్ల ఈయన దోచుకోనోళ్లు ఒక్కరు గూడ లేరు!"

ఇక్కడ ఒక్క ఊపిరి ఆగి "దోచింది మీ మనసులు!" అనాలి. ఆ ఆగడమే నా కొంప ముంచింది. పాస్టరయ్య గబుక్కున లేచి, రెండు చేతులూ పైకెత్తి, "ప్రార్థన చేసుకుందాం" అన్నారు.

మీకు తెలియకపోవచ్చు, మాలో ప్రార్థన మొదలైతే ఇల్లు కాలిపోతున్నా కళ్లు తెరవం, మధ్యలో మాట్లాడం. అందరి తలలూ వంగాయి. కొంగులు తలల మీదికెక్కాయి. 'మనసులు' నా గొంతులోనే ఇరుక్కున్నాయి.

"ప్రభువా, ఎంత ముసలి దొంగనైనా క్షమిస్తవు. ఈ ఆశీర్వాదాన్ని గూడ క్షమించు తండ్రీ!"

"ఆమెన్!" అన్నారు చుట్టాలు.

"అయ్యగారూ, అది వ్యాజ..." అన్నాను. అమ్మ కళ్లు మూసుకునే నా తొడ గిల్లింది.

"ఈ చిన్నబిడ్డకు ధైర్యమిచ్చి నిజం పలికించినవు, స్తోత్రం!"

"స్తోత్రం!"

ప్రార్థన సాగుతూనే ఉంది. మూసిన కళ్ల వెనక ప్రదీప్‌ను, ప్రధానం ఉంగరాన్ని, పెళ్లి చీరను వరసగా సాగనంపాను. నిజంగానే ఏడుపొచ్చింది. అది భక్తి అనుకుని ఎవరో నా వీపు నిమిరారు.

ఆఖరి ఆమెన్ అయీ కాకముందే "దోచింది మనసులు!" అని అరిచాను. ఎవరూ పట్టించుకోలేదు. అందరూ మామయ్యనే చూస్తున్నారు. ఆయన కళ్లనీళ్లతో నన్ను చూస్తున్నారు.

"బిడ్డా, నీకెట్ల తెలిసింది?"

"ఏంది మామయ్యా?"

"పాస్టరమ్మ గొడుగు."

మామయ్యే అంతా బయటపెట్టారు. పోయిన వానాకాలం వాన ఆగడం లేదని చర్చి వరండాలో ఉన్న ఆవిడ గొడుగు వేసుకుని ఇంటికొచ్చారట. ఆదివారం ఇచ్చేద్దామనుకుంటే, సరిగ్గా ఆ ఆదివారమే పాస్టరయ్య దొంగతనం మీద ప్రసంగం చేశారట.

"అంత ప్రసంగమైనంక ఎట్ల ఇయ్యాలె బిడ్డా? అందరు సూస్తరాయె!"

పాస్టరయ్య ముఖం వెలిగిపోయింది. "అంటే నా ప్రసంగం మస్తు తగిలిందన్నట్టు!"

అత్తమ్మ లోపలికి పోయి నీలం పూల గొడుగు తెచ్చి నడింట్లో నిలబడింది. "మన పెండ్లిరోజుకు హన్మకొండల కొన్న అంటివి గదయ్యా!"

తర్వాత నా వైపు తిరిగింది. నేను కళ్లు మూసుకున్నాను, ఈసారి నా కోసం ప్రార్థన. అత్తమ్మ వచ్చి నన్ను గట్టిగా కావలించుకుంది.

"నాకు గీ పిల్లే కావాలె. ఇన్నేండ్ల సంసారంల నేను పట్టలేంది ఒక్క పూటల పట్టింది!"

ప్రధానం అనుకున్న రోజే జరిగింది. ఇప్పటికీ నేను "మామయ్యా, ఒక మాట" అంటే చాలు, ఆయన "ఇంకేం తియ్యలే బిడ్డా" అంటారు. మాలో ఒట్లు పెట్టుకోకూడదు గనుక ఒట్టు పెట్టుకోలేదు గానీ, గట్టిగా నిర్ణయించుకున్నాను. తిట్టాల్సి వస్తే తిడతాను, పొగడాల్సి వస్తే పొగుడుతాను, రెండూ కలిపి వండను. ఆ పొగిడేది కూడా ఒకే ఊపిరిలో, పాస్టరయ్య చేతులెత్తకముందే ముగిస్తాను.