చివరి చుక్క పడిన వేళ

ఇంట్లో అందరికీ ఆమె బుల్లి. కార్ఖానాలోనూ ఆ పేరే అంటుకుంది. అక్కడ తయారయ్యే సెలైన్ అలారం పెట్టెలకు ప్రోగ్రాము రాసేది ఆమే. సీసాలోంచి చుక్కలు పడడం ఆగితే పెట్టె మోగాలి. అంతే దాని పని.

ఆ రోజు నాలుగింటికి వ్యాను బయలుదేరాలి. ఆసుపత్రివాళ్లు పాత పెట్టెలు పొద్దున్నే ఊడదీసేశారు. వార్డులో ఇరవై మంచాల దగ్గర అలారం లేదు. గడియారం మూడు దాటింది. బుల్లి ముందున్న కంప్యూటరు మీద మాత్రం, తప్పుందని చెప్పే అదే ఎర్ర వాక్యం.

పెద్ద చిప్పు కోసం ఇన్నాళ్లూ చక్కగా తయారైన ప్రోగ్రాము, ఈ కొత్తరకం చిన్న చిప్పు దగ్గరికొచ్చేసరికి మొండికేసింది. ముక్కలన్నీ కలిపి కుట్టే లింకరు, అటామిక్ అనే పని ఎక్కడా దొరకలేదని చేతులెత్తేసింది.

చివరి చుక్క పడిన వేళను ప్రోగ్రాములో ఒక భాగం రాస్తుంది, ఇంకో భాగం చదువుతుంది. ఆ అంకె పెద్దది. పెద్ద చిప్పు ఒక్క ఊపున రాసేస్తుంది. చిన్నది రెండు సగాలుగా రాస్తుంది. మధ్యలో ఎవరైనా తొంగిచూస్తే సగం పాతా సగం కొత్తా కలిసిన తప్పుడు వేళ కనబడుతుంది. అటామిక్ అంటే రాయడం అయ్యేదాకా తలుపేసి ఉంచడం. చిన్న చిప్పుకు సొంత తలుపు లేదు, లైబ్రరీలోంచి, అంటే ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల మూటలోంచి, తెచ్చుకోవాలి. ఆ లైబ్రరీ పేరు లింకరుకిచ్చే వరసలో మొట్టమొదటే ఉంది. పదిసార్లు చూసుకుంది. ఉంది. అయినా దొరకలేదంటుంది!

ఓనరు వచ్చి వెనక నిలబడ్డాడు.

"అమ్మాయ్, ఆ అటామిక్ గోల తీసిపారెయ్. మామూలు అంకెలా రాసెయ్. నోరు మూసుకుంటుందిగా?"

"మూసుకుంటుంది సార్. రేపు వార్డులో పెట్టె కూడా మూసుకుంటుంది."

"లక్షసార్లకి ఒకసారేమో!"

"ఆ ఒక్కసారి ఏ మంచం దగ్గరో చెప్పండి, తీసేస్తాను."

ఆయన మొహం ముడుచుకుంది. "నాలుగింటికి పెట్టెలు కదలకపోతే రేపణ్నించి నువ్వూ రానక్కర్లేదు," అని వెళ్లిపోయాడు.

బుల్లి తెర మీద అటామిక్ అన్న మాట దగ్గరికి వెళ్లింది. ఆ ఒక్క మాట చెరిపేస్తే చాలు, గండం గడుస్తుంది. వేలు మీట దాకా వెళ్లింది. నిరుడు ఆసుపత్రిలో అన్నయ్య మంచం పక్కన వదిన మూడు రాత్రుల నిద్రలేమితో పది నిమిషాలు కునుకు తీసింది. లేచేసరికి సీసా ఖాళీ. తెల్లారి అన్నయ్య పోయాడు. అందుకే పోయాడని డాక్టర్లెవరూ అనలేదు. వదిన మాత్రం అనుకుంటూనే ఉంది. బుల్లి వేలు వెనక్కి తీసుకుంది.

పక్క బల్ల దగ్గర టంకం వేసే పెద్దాయన, అందరికీ టంకం మావయ్య, విసుక్కుంటున్నాడు.

"మరల కోసం మళ్లీ స్టోరుకా! పొద్దున వెళ్లొచ్చాగా?"

"అప్పుడే తేలేదేం మావయ్యా?"

"పొద్దున ఎవరికి తెలుసే, ఏవి తక్కువో? చీటీ లేకుండా వెళ్తే స్టోరువాడు నా మొహం చూసి ఇస్తాడా? ఖాళీ చేతుల్తో వచ్చా. బిగించడం మొదలెట్టాకేగా లోటు తెలిసేది!"

బుల్లి చటుక్కున తెర వైపు తిరిగింది. లింకరు వరసగా ఎడమ నుంచి కుడికి నడుస్తుంది, వెనక్కి తిరగదు. మొదట్లోనే లైబ్రరీ ఎదురైంది. అప్పటికి ఎవరూ ఏమీ అడగలేదు, చీటీ ఖాళీ. లింకరు చేతులు దులుపుకుని వచ్చేసింది. తరవాత బుల్లి రాసిన ముక్క అటామిక్ కావాలని అడిగింది. ఇచ్చే లైబ్రరీ అప్పటికే వెనకబడిపోయింది. పెద్ద చిప్పు ఏనాడూ చెయ్యి చాచలేదు గనక ఇన్నాళ్లూ ఈ తప్పు బయటపడలేదు. వరస చూడ్డానికి పొందిగ్గా ఉంటుందని ఆ పేరు ముందు పెట్టిందీ తనే.

పేరు తీసి చిట్టచివర పెట్టింది. లింకరును మళ్లీ నడిపింది. ఎర్ర వాక్యం రాలేదు.

అంతటితో నమ్మలేదు. చిప్పులో ప్రోగ్రాము ఎక్కించి, నీళ్ల సీసా వేలాడదీసి, చుక్కలు పడనిచ్చి గొట్టం నొక్కేసింది. ఒకటి, రెండు, మూడు... పెట్టె చెవులు చిల్లులు పడేలా మోగింది. టంకం మావయ్య ఉలిక్కిపడి మరలు కిందపోశాడు.

"నీ పెట్టె బంగారంగానూ! రోగులు బతుకుతారు, నేనే పోయేలా ఉన్నా!"

ఇరవై పెట్టెల్లోనూ ప్రోగ్రాము నింపి, ఒక్కొక్కటీ మోగించి చూసేసరికి నాలుగుంబావు. వ్యాను డ్రైవరు సణుగుతూనే ఆగాడు. ఓనరు తనే పెట్టెలు మోశాడు.

ఆఖరి పెట్టె ఎక్కించేముందు బుల్లి ఇంటికి ఫోన్ చేసింది.

"వదినా, విను." మళ్లీ గొట్టం నొక్కింది.

పెట్టె మోత ఆగాక వదిన అడిగింది.

"నిద్రపోయినా లేపుతుందా?"

"లేపుతుంది వదినా."

"సరే," అంది వదిన. "అన్నం తిన్నావా, లేదా?"