ఊరంతా ఓబమ్మ కేకే

వల్లూరు ఓబమ్మ "హుర్ర్ బా!" అని కేకేస్తే ఆమె గొర్రెలు ఎక్కడున్నా పరుగెత్తుకు రావాల్సిందే. ఆ సాయంత్రం మందను ఊళ్ళోకి తోలుకొచ్చి చూస్తే రెండు తక్కువ! ఊరి బయట మేసిన సోలార్ పలకల కిందే ఉండిపోయాయి కాబోలు. అక్కడ పలకలు కడిగే కోడలు సౌభాగ్య వాటికి వినిపిస్తుందని, ఓబమ్మ తన కేకను రికార్డు చేసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది.

సౌభాగ్య ఫోన్ పైకెత్తి మోగించగానే రెండూ చెంగున దూకి వచ్చాయి. "అత్తా, దొరికినాయి!" అంటూ ఆమె గొంతు ఫోన్లో పలికింది. ఓబమ్మ గంతేసింది.

అంతలో ఊరంతా గ్రూపు తెరిచింది. గడపగడపలో ఓబమ్మ కేకే! ఓబమ్మ ముందున్న మంద ఇంటికొకటిగా చెదిరిపోయింది. ఆమె వీధి నడుమ నిలబడి గొంతు చించుకున్నా ఒక్క గొర్రె కూడా తల తిప్పలేదు. చివరికి ఫోన్ నొక్కి గ్రూపులోనే అరిచింది: "ఫోన్లు ఆపండప్పా! నిజం ఓబమ్మను నేనీడ ఉండా!"