హ్యాండ్ బ్రేకు లాగించి నా భయం తీసిన దేవుడు

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, పోయిన ఏడాది వానాకాలంలో ఇదే మందిరంలో, ఇదే మైకు పట్టుకుని నేను ఒక సాక్ష్యం చెప్పాను, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అల్లపల్లి నుంచి సిరోంచకు వస్తుండగా అడవిలో తడిసిన టేకు ఆకుల మీద మా కారు జారిందని, గిర్రున తిరిగి గుంతలో పడిందని, నడుపుతున్న మా ఆయనకు జబ్బ ఎముక విరిగిందని, పక్క సీట్లో కూర్చున్న నా ఒంటి మీద ఒక్క గీత కూడా పడకుండా ప్రభువు కాపాడాడని చెప్పాను. మీరందరూ చప్పట్లు కొట్టారు, కృతజ్ఞత కూడిక పెట్టుకుని కడుపునిండా భోజనాలు చేశాం. ఆ సాక్ష్యంలో అబద్ధం లేదు గానీ అది తొందరపడి చెప్పిన సాక్ష్యం. ఎందుకంటే ఆ భోజనాలయ్యాక మమ్మల్ని ఇంటికి చేర్చడానికి ఆటో తెచ్చి నిలబెడితే నేను ఎక్కలేకపోయాను.

కాలు పైకి లేవలేదు! తిన్నది అరగడానికి నడుస్తామని నవ్వుతూ చెప్పి, చెయ్యి మెడకు కట్టుకున్న మనిషిని ఎండలో ఇంటిదాకా నడిపించుకుంటూ తీసుకుపోయాను.

నన్ను ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను, నా పేరు సువార్త, బామ్నిలో సర్కారు బడిలో టీచర్ని. మా ఆయన దానియేలు అటవీ శాఖలో జీపు నడుపుతాడు. మా అమ్మ ఈ సిరోంచ చుట్టుపక్కల పొలాల్లో కూలికి నాట్లు వేసి నన్ను చదివించింది, మా ఇంట్లో జీతం తెచ్చుకున్న మొదటి మనిషిని నేను. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను, దేవుడు ఇచ్చినదాన్ని తల దించుకుని చెప్పడం నాకు చేతకాదు. ఆ ఉద్యోగమే పోయేదాకా వచ్చింది సహోదరులారా! రోజూ బామ్నికి పోవాలంటే బస్సు ఎక్కాలి, బస్సు మలుపు తిరగగానే ముందు సీటు కడ్డీ పట్టుకుని కళ్లు గట్టిగా మూసుకునేదాన్ని. ఒకరోజు కండక్టరును బతిమాలి సగం దారిలో దిగిపోయి, పొలాల మధ్య రోడ్డు మీద ఒంటరిగా నిలబడి ఏడ్చాను. బడిలో పిల్లలు నాకోసం చూస్తుంటారు, నేనేమో ఇంట్లో తలుపేసుకుని కూర్చున్నాను. ఉన్న సెలవులన్నీ అయిపోయాయి. తాలూకా ఆఫీసులో ఒక సాహెబు నా మంచికే చెప్పాడు, ఇంకా ఎన్నాళ్లని సెలవులు ఇస్తాం మేడం, రాలేనంటే రాజీనామా రాసివ్వండి, పోస్టు ఇంకొకరికైనా దక్కుతుంది అన్నాడు.

ఎవరితో చెప్పుకోను? ప్రభువు కాపాడాడని మైకులో చెప్పినదాన్ని కదా. ఒకరిద్దరికి నోరు విప్పితే, సాక్ష్యం చెప్పిన తరవాత ఇంకా భయమేమిటి టీచరమ్మా, విశ్వాసం తక్కువైందేమో చూసుకో అన్నారు. ఎముక విరిగినా అంత నొప్పి ఉండదేమో. ఉపవాసం ఉన్నాను, మోకాళ్ల మీద పడి ఏడ్చాను, భయం తీసెయ్యమని ఎన్ని రకాలుగా అడగొచ్చో అన్ని రకాలుగా అడిగాను, అది మాత్రం కదల్లేదు. మా అమ్మ వచ్చి నా పక్కన కూర్చుని ఒకటే మాట అన్నది.

"నేను నడుం వంచి నాట్లేసింది నువ్వు ఇంట్ల ముడుసుకొని కూసునేందుకు కాదు బిడ్డా."

మర్నాడు పొద్దున నేను చేసిన ప్రార్థన ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ప్రభువా, భయం తీసెయ్యి తీసెయ్యి అని ఇన్ని దినాలు అడిగిన, ఇగ అడుగ. భయం ఉంటె ఉండనియ్యి, గట్లనే నన్ను బండెక్కియ్యి." అంతే. ఆమెన్ అని లేచాను. వంటింటి గుమ్మంలో మా ఆయన నిలబడి ఉన్నాడు, అంతా విన్నాడు. అప్పటికి ఆయన చెయ్యి బాగై పనికి పోతున్నాడు. నన్ను ఓదార్చలేదు, వాక్యం చెప్పలేదు, కారు తాళం చేతిలో పెట్టి, "బండి జారుడంటెనే కద నీకు భయం, మనమే జారిద్దాం రా" అన్నాడు.

ఈయనకు మతి పోయిందేమో అనుకున్నాను! పెళ్లయిన కొత్తలో ఈ మనిషి ఖాళీ మైదానం కనబడితే చాలు, హ్యాండ్ బ్రేకు లాగి కారును ఉన్నచోటనే తిప్పి చూపించేవాడు, అప్పట్లో నేను ఎంత పోట్లాడానో ఆయనకు తెలుసు, దేవునికి తెలుసు. అదే పని నాతో చేయిస్తానంటున్నాడు! డ్రైవింగ్ లైసెన్సు నాకు ఉంది, తీసుకున్న రోజు నుంచి బీరువాలోనే ఉంది. కారేమో గుంతలోంచి తీయించి బాగు చేయించిన అదే కారు, పాతది, చిన్నది, ఇద్దరం కూర్చుంటే సంచులు పెట్టుకోవడానికి కూడా ఆలోచించాలి. అయినా ఇప్పుడే కదా ఎట్లాగైనా ఎక్కించమని అడిగాను, మా ఇంటాయన రూపంలో జవాబు వస్తే కాదంటానా? నడిపే సీట్లో కూర్చున్నాను. నత్త నడకన ప్రాణహిత నది ఒడ్డుకు చేరాం. వరద తీశాక ఒండ్రు మట్టి ఎండి గట్టిపడిన బయలు ఒకటి ఉంది అక్కడ, సాగు లేదు, చెట్టు లేదు, మనిషి లేడు. ఇసుకలోకి పోనివ్వలేదు ఆయన, ఇసుకలో టైరు దిగబడితే కారు బోల్తా పడుతుందట.

ఇక వినండి, ఇప్పుడు నేను ఈ పనిలో పంతులమ్మని! రెండో గేరులో బండిని కొంచెం పరుగెత్తించాలి, యాక్సిలరేటర్ వదిలి క్లచ్ తొక్కాలి, స్టీరింగ్ ఒక పక్కకు తిప్పిన వెంటనే ఎడమ చేత్తో హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగాలి, దాని కొసన ఉన్న గుండీ మీద బొటనవేలు నొక్కే ఉంచాలి, వదిలితే అది పైనే ఇరుక్కుంటుంది. వెనక చక్రాలు ఆగిపోతాయి, ముందు చక్రాలు తిరుగుతుంటాయి, అప్పుడు బండి వెనక భాగం గాలికి కొంగు తిరిగినట్టు చుట్టూ తిరిగి వస్తుంది. బ్రేకు దించి క్లచ్ వదిలితే వచ్చిన దారికే ముఖం పెట్టి ఉంటాం. చెప్పడానికి ఇంతే. మొదటిసారి భయపడి సగమే లాగాను, బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. ఇంకోసారి లాగాను, వెనక భాగం జారింది, యేసయ్యా అని అరిచి కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి దుమ్ము, ఆ దుమ్ములో మా ఆయన గొంతు వినబడింది.

"కండ్లు మూసుకోకు. బానెట్ ఎటు తిరిగితె గటు సూడకు, నువ్వు ఎటు పోవాల్నో గటు సూడు."

ఈ మాట నేను పాస్టరు గారికి చెబితే తరవాతి ఆదివారం ప్రసంగంలో వాడుకున్నారు, కారు సంగతి మాత్రం ఎత్తలేదు! కళ్లు తెరిచి, నది వైపు చూస్తూ మళ్లీ లాగాను. సహోదరులారా, ఆ అడవిలో నన్ను విసిరేసిన ఆ జారుడే ఇప్పుడు నా చేతి కింద మొదలైంది, నేను వదలగానే ఆగింది! నేను నవ్వానో ఏడ్చానో తెలియదు, మళ్లీ తిప్పాను, మళ్లీ మళ్లీ తిప్పాను, వెనక టైర్లు అరిగిపోతాయని ఆయన మొత్తుకునేదాకా తిప్పాను. చాలా రోజులు పనికి ముందు పొద్దున్నే ప్రార్థన చేసుకుని అక్కడికే పోయాం. భయం రోజూ నాతో పాటే కారెక్కేది, కానీ పోను పోను దాని గొంతు తగ్గింది.

ఊళ్లో మాట పుట్టింది, నది ఒడ్డున టీచరమ్మ దుమ్ము లేపుతోందని. స్త్రీల కూడికలో పెద్దదిక్కు అయిన ఎస్తేరు పెద్దమ్మ ఇంటికి వచ్చి మరీ మందలించింది, సంఘంలో ఆడవాళ్లకు తగిన పనేనా ఇది అన్నది. తగునో తగదో నాకు తెలియదు పెద్దమ్మా, రేపటి నుంచి బడికి పోతున్నాను అన్నాను. అదిగో మూడో వరసలో కూర్చుని ఇప్పుడు కూడా నా వైపు కోపంగానే చూస్తోంది. అయినా వానొస్తే మందిరానికి నా కారులోనే వస్తుంది, ఎక్కుతూనే "జర సక్కగ తీస్కపో బిడ్డా, తిప్పకు" అంటుంది. రోడ్డు మీద నేను ఎన్నడూ తిప్పలేదు, తిప్పను కూడా. అది ఖాళీ బయల్లో చేసే పనే గానీ నలుగురు నడిచే దారిలో చేసేది కాదు.

అట్లా నా బడి నాకు దక్కింది. నా కారు కనబడగానే పిల్లలు గేటు దగ్గరికి ఉరికొచ్చారు, మా అమ్మ సంతలో కూరగాయలు అమ్మేవాళ్లందరికీ తన బిడ్డ కారు నడుపుతుందని చెప్పుకుంది.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. ఈ వానాకాలంలో టీచర్ల శిక్షణ అల్లపల్లిలో పెట్టారు. అదే అడవి, అదే దారి. మా ఆయన తోడు వస్తానన్నాడు, నేనే నడిపాను. ముసురు పట్టింది, ఒక మలుపులో ఎదురుగా లారీ కొంచెం మా వైపుకు వస్తే నేను పక్కకు తిప్పాను, తడి ఆకుల మీద బండి వెనక భాగం జారింది. యాక్సిలరేటర్ మీంచి నా కాలు దానంతట అదే లేచింది, చేతులు జారిన వైపుకే స్టీరింగ్ తిప్పాయి, కళ్లు రోడ్డునే పట్టుకున్నాయి, హ్యాండ్ బ్రేకు ముట్టుకోవాలనే అనిపించలేదు. బండి ఒకసారి ఊగి సర్దుకుని తన దారిన తాను పోయింది. లారీవాడికి ఏం జరిగిందో కూడా తెలిసి ఉండదు! స్తోత్రం ప్రభువా అని పక్కకు చూస్తే మా ఆయన రెండు చేతులతో సీటు పట్టుకుని ఉన్నాడు, ముఖంలో నెత్తురు చుక్క లేదు. పక్కకు ఆపాను. ఆయన సీటు వదిలి నా వైపు తిరిగాడు.

"గా దినం సంది నేను ఈ తొవ్వ పట్టలే సువార్తా. అల్లపల్లి డ్యూటీ పడ్డప్పుడల్లా ఇంకొకనికి ఇచ్చిన. నీకు చెప్పనీకి సిగ్గయింది."

నాకు నేర్పిన మనిషి, నా పక్కన నవ్వుతూ కూర్చున్న మనిషి, లోపల అదే బరువు మోస్తూ తిరిగాడు! ఆ వానలో, ఆ టేకు చెట్ల కింద, ఆయన తల మీద చెయ్యి పెట్టి నేనే ప్రార్థన చేశాను. భయం తీసెయ్యమని అడగలేదు, నన్ను ఎక్కించినట్టే ఈయన్ని ఎక్కించమని అడిగాను. శిక్షణ అయ్యాక తిరిగి వచ్చేటప్పుడు తాళం ఆయన చేతిలో పెట్టి నేను పక్క సీట్లో కూర్చున్నాను. ఆయన నెమ్మదిగా, చెమటలు తుడుచుకుంటూ, సిరోంచ దాకా నడిపాడు. ఆ దారంతా నేను కళ్లు తెరుచుకునే ఉన్నాను.

ఈ గొప్ప అంతా నన్ను నిలబెట్టిన నా దేవునిదే, మహిమంతా ఆయనకే చెందాలి! నా సహోదరులారా, సహోదరీలారా, కృతజ్ఞత కూడిక అయిపోయింది కదా అని లోపలి వణుకును దాచుకుని కూర్చున్నవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, సిగ్గుపడకండి, నేను నమ్మిన దేవుణ్ణి మీరూ నమ్మండి. భయం పోయాక వద్దామని ఆగకండి, దాన్ని వెంటబెట్టుకునే ఆయన దగ్గరికి రండి. నా దగ్గరికి కూడా రండి, శనివారం బడి ఒంటిపూటే, ప్రార్థన చేసుకుని నది ఒడ్డుకు పోదాం, నడిపే సీట్లో మిమ్మల్నే కూర్చోబెడతాను.